గంగలో వదిలిన మట్టెలు

ఖానాపూర్,
ఏప్రిల్ 6

చిరంజీవి సంపత్‌కు,

వదిన అనసూర్య దీవించి రాయడం. నేను బాగున్నాను. మన పిల్ల అలేఖ్య నిర్మల్ హాస్టల్లో ఉండి బాగానే చదువుకుంటోంది. అక్కడ అత్తమ్మ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి?

జాబు చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ కాలంలో జాబులేంటని నవ్వుతావేమో. మీ అన్న పోయాక ఈ పోస్టాఫీసులో కొలువు దొరికిన దగ్గర్నుంచి చూస్తున్నాను, బ్యాంకు కవర్లూ ఆధార్ కార్డులే తప్ప మనిషికి మనిషి రాసిన జాబు నా సంచిలో పడనే లేదు. కనీసం నాదైనా పడనీ. అదీగాక ఫోన్లో అయితే కోపం వస్తే నువ్వు కట్ చేస్తావు, ఏడుపు వస్తే నేను కట్ చేస్తాను. మధ్యలో అత్తమ్మ "ఎవల్రా, ఏమంటుంది" అని ఒకటే అడుగుతుంది. జాబుతో ఆ పంచాయితీ లేదు.

మొన్న నీ భార్య, మా యారాలు రమ ఫోన్ చేసి ఒకటే మొత్తుకుంది. "అక్కా, మస్కట్ నుంచి వచ్చెటోళ్లు టీవీలు తెస్తరు, కంబళ్లు తెస్తరు. మీ మరిది కట్టెకు పళ్లెం కట్టిన మిషన్ తెచ్చిండు. చెవులల్ల వైర్లు వెట్టుకొని పొద్దంత గంగల ఇసుక మీద తిరుగుతుండు. లంకెబిందెలకు తిరుగుతుండని మంథని మంథనంత నవ్వుతుంది" అంది. నేనూ కడుపుబ్బ నవ్వాను. చిన్నప్పుడు నువ్వు జాతరలో తప్పిపోయి రెండు ఊళ్లవాళ్లను పరేషాన్ చేశావని మీ అన్న చెప్పేవాడు. ఇప్పుడు తప్పిపోయినవాటిని నువ్వే వెతుకుతున్నావన్నమాట.

సరే గానీ, నిజంగా ఏమేమి దొరుకుతున్నాయి? ఆ ఇసుకలో మట్టెలు కూడా దొరుకుతాయా? దొరికితే వాటిని ఏం చేస్తున్నావు? ఊరికే అడుగుతున్నాను. తీరిక చేసుకుని రాయి.

మీ వదిన,
అనసూర్య


మంథని,
ఏప్రిల్ 14

పోస్టాఫీసు దొరసాని మా వదినకు,

సంపత్ నమస్కారాలు. నీ జాబు తెచ్చిన పోస్టుమేన్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. కోర్టు నోటీసు అనుకున్నాడట. అవ్వ మోకాళ్లు అట్లాగే ఉన్నాయి, నోరు మాత్రం ఇంకా గట్టిపడింది. కలం పట్టి చాలా ఏళ్లయింది, పడితే బడిలో నేర్పిన తెలుగే వస్తోంది. తప్పులుంటే దిద్దుకో.

రమ మాటలు నమ్మకు. ఈ మిషన్ కథ వేరే. మస్కట్‌లో నాతో పనిచేసిన ఫిలిప్పీన్స్ అతను ప్రతి శుక్రవారం సముద్రపు ఒడ్డున దీనితో తిరిగేవాడు. వెంట తిరిగీ తిరిగీ నాకూ ఆ పిచ్చి పట్టింది. అతను తన దేశం పోతూ నాకు ఇచ్చి పోయాడు. పళ్లెం ఇసుక మీద ఆడిస్తుంటే, అడుగున ఇనుమో వెండో ఉంటే చెవిలో కూత వస్తుంది చూడు, ఆ క్షణంలో కింద ఏముందో నీకు తెలియదు. సీసా మూత కావచ్చు, బంగారం కావచ్చు. అందుకే వదిలిపెట్టబుద్ధి కాదు. పొలం పని అయ్యాకే పోతున్నాను, ఆ ఫికర్ పెట్టుకోకు.

ఈ ఏడు మన గంగ, అదే గోదావరి, ఎండి ఇసుక బాగా తేలింది. మేకులు, కొడవలి ముక్కలు, జనం గంగలోకి విసిరిన రూపాయి బిళ్లలు, ఒక చిన్న ఇత్తడి గంట దొరికాయి. నువ్వు అడిగిన మట్టెలు మాత్రం అన్నిటికంటే ఎక్కువ. పదోనాటి కర్మలు చేసే చోట జానెడు లోతు తవ్వితే చాలు. నల్లగా, వంకరటింకరగా ఉంటాయి. చింతపండుతో తోమి, రమ చపాతీ కర్ర కొసకు తొడిగి, చిన్న సుత్తితో కొట్టి గుండ్రంగా చేస్తున్నాను. ఇప్పటికి సగం అయ్యాయి. పెళ్లి దుకాణంలో పెట్టినట్టు మెరుస్తున్నాయి! కర్ర పాడుచేశానని రమ రెండు రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు నీ తీర్పు కావాలి. కరీంనగర్‌లో మిషన్లు ఉన్నవాళ్లం కొందరం ఒక జట్టుగా ఏర్పడ్డాం. అందులో శ్యాంసుందర్ అని ఒకాయన, వెండి దుకాణాలతో బాగా పరిచయాలున్నవాడు. "దొరికినోనిదే సొమ్ము. తూకానికి అమ్ముకోక ముంతల దాసుకుంటే ఏమొస్తది" అంటాడు. లక్ష్మీరాజం సారు రిటైరయిన టీచరు. ఆయన పాత నాణెం కనబడితే ముందు కలెక్టరాఫీసుకు చెప్పాలనే రకం. "అమ్మినోడు ఇష్టంతోని తిరిగేటోడు కాదు, బేరగాడు. దాసుకో, అద్దాల పెట్టెల పెట్టి పేరు రాసుకో" అంటాడు. ఇద్దరూ కలిస్తే చాయ్ చల్లారిపోవలసిందే. నాకు అద్దాల పెట్టే నచ్చింది. గోడకు పెడితే ఎంత బాగుంటుంది! కానీ శ్యాంసుందర్ వదలడం లేదు, వచ్చే నెల మొదట్లో వస్తానంటున్నాడు.

అమ్మాలా, దాచుకోవాలా? నువ్వు ఎట్లా అంటే అట్లా.

నీ మరిది,
సంపత్


ఖానాపూర్,
ఏప్రిల్ 19

సంపత్,

నీ జాబు చదివి అన్నం సహించలేదు. ముందు ఆ సుత్తి కింద పెట్టు.

మట్టె దుకాణంలో ఉన్నప్పుడే గుండ్రంగా ఉంటుంది. పెళ్లినాడు సన్నికల్లు మీద కాలు పెట్టించి తొడిగాక అది ఆ ఆడమనిషి వేలిది అవుతుంది. నాట్లేసేదానికి ఒకలా అరుగుతుంది, బీడీలు చేస్తూ ఒక కాలు మడిచి కూర్చునేదానికి ఇంకోలా అరుగుతుంది. రాయి తగిలి ఒకరిది నొక్కుకుపోతుంది. నువ్వు వంకర అనుకున్నది వంకర కాదు, అది ఒక మనిషి గుర్తు. చీకట్లో పట్టుకున్నా ఎవరిది వాళ్లు చెప్పగలరు. దాన్ని చపాతీ కర్ర మీద కొట్టి అందరి వేళ్లూ ఒక్కటే చేశావు. మగవాళ్లు మీరు మట్టెలు చూస్తారు, కాళ్లు చూడరు.

అమ్మాలా, దాచుకోవాలా అని నన్ను అడుగుతున్నావు. రెండూ కాదు. అవి నీవి అయితే కదా!

ఊరికే అడుగుతున్నానని రాశాను. ఊరికే కాదు. మీ అన్న పదోనాడు నువ్వు రాలేకపోయావు, సెలవు దొరకలేదు. అక్కడ ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. గాజులు పోయాయి, పుస్తెలు పోయాయి, నోరెత్తలేదు. మట్టెల దగ్గరికి వచ్చేసరికి కాలు వెనక్కి తీసుకున్నాను. "ఇవి ఉండనీ అత్తమ్మా, ఆయన చేయించినయి, పెట్టెల పెట్టుకుంట, తొడుక్కోను" అన్నాను. మన వాడ శంకరవ్వ సబ్బు రాసి లాగింది. రాలేదు. అప్పుడు అత్తమ్మ వచ్చి ఇసుకలో కూర్చుని, నా పాదం ఒళ్లో పెట్టుకుని తీసింది. "ఊరందరికి లేంది నీకెందుకు బిడ్డా" అంటూ గంగలోకి విసిరింది. నెల తిరగకముందే అలేఖ్యను తీసుకుని నేను ఖానాపూర్ ఎందుకు వచ్చేశానో ఇన్నాళ్లూ నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

నా మట్టెలు ఆ ఇసుకలోనే ఉన్నాయి. నాకు అవి కావాలి.

అనసూర్య


మంథని,
ఏప్రిల్ 26

వదినకు,

నీ జాబు రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి సిగ్గేసింది. మళ్లీ కోపమే వచ్చింది. అందుకే జవాబు ఆలస్యం.

నేనేమన్నా దొంగతనం చేశానా? ఎవరి ఇంట్లో దూరలేదు, ఎవరి పొలమూ తవ్వలేదు. గంగలో వదిలింది గంగదే అని చిన్నప్పటి నుంచి విన్నాను. వదిలినవాళ్లు వెనక్కి చూడకుండా స్నానం చేసి ఇంటికి పోతారు. దానికి హక్కుదారులు ఉంటారని నాకెట్లా తెలుస్తుంది? మట్టెకు వేలి గుర్తు ఉంటుందని ఏ మగవాడికి తెలుసు? లక్ష్మీరాజం సారును అడిగితే ఆయనా నోరెళ్లబెట్టాడు.

ఇక్కడ ఇంట్లో సంగతి వేరుగా ఉంది. మట్టెలు ఇంట్లోకి తేవద్దని రమ గొడవ. "మొగడు వోయినోళ్ల మట్టెలు ఇంట్ల వెట్టుకుంటే నా గతేంగాను" అని ఏడ్చింది. అందుకే పొలం దగ్గర మోటరు కొట్టంలో డబ్బాలో పెట్టాను. అవ్వకు తెలిసి నాలుగు తిట్టింది. "గంగమ్మకిచ్చినయ్ మల్ల ఎత్తుకచ్చుడేందిరా, అరిష్టం" అంటోంది. నువ్వు రాసింది అవ్వకు చదివి వినిపించలేదు. వినిపించే ధైర్యం నాకు లేదు.

అన్న పదోనాడు మస్కట్‌లో ఉన్న నాకు అన్నీ ఫోన్ వీడియోలో చూపిస్తున్నారు వదినా. నీ దగ్గర అందరూ మూగేసరికి నెట్‌వర్క్ ఆగిపోయింది. మళ్లీ కలపమని నేను అనలేదు.

మట్టెలు సగం ఇంకా కొట్టకుండానే ఉన్నాయి. వాటిని ముట్టుకోను, ఒట్టు. నీవి ఎట్లా ఉంటాయో గుర్తులు రాయి. దొరికితే కవర్లో పెట్టి నీ పోస్టాఫీసుకే పంపిస్తాను. అవ్వకు తెలియదు, రమకు తెలియదు, మన ఇద్దరి మధ్యనే. మిగతావి శ్యాంసుందర్‌కు ఇచ్చేసి చేతులు దులుపుకుంటాను. ఈ గొడవ పోతుంది.

సంపత్


ఖానాపూర్,
మే 1

చిరంజీవి సంపత్‌కు,

నీ మీద కోపం కొంచెం తగ్గింది. నెట్‌వర్క్ సంగతి ఒప్పుకున్నావు కాబట్టి.

గుర్తులు రాస్తున్నాను. మూడు చుట్ల మట్టెలు. వెండి పని చేసే మన ఊరి ఔసలి చేసినవే. అలేఖ్య కడుపులో ఉన్నప్పుడు పాదాలు వాచి ఎడమది ఇరుకైతే మీ అన్న సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయి తెరిపించాడు. తర్వాత మళ్లీ మూయించాం గానీ కొసలు కలవలేదు, ఒకటి పొట్టిగా మిగిలింది. కుడిది కింద వైపు కాగితంలా అరిగి ఉంటుంది.

ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను, విను. నావి దొరికినా కవర్లో పెట్టి పంపితే తీసుకోను. వచ్చిన కవరు వచ్చినట్టే తిప్పి పంపిస్తాను, ఆ పని నా చేతిలోనే ఉంది. దొంగచాటుగా తెచ్చుకుని పెట్టె అడుగున దాచుకోవడానికా నేను ఇన్నాళ్లూ కుమిలింది? నాకు ఒక్కదానికే ఇచ్చి మిగతావాళ్లవి తూకానికి వేస్తే నేనూ శ్యాంసుందర్ పక్కన తక్కెడ పట్టుకున్నట్టే. మంథనిలో నా కాలిలాంటి కాళ్లు ఎన్ని లేవు?

ఇట్లా చెయ్యి. అంగడి రోజు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లంతా మంథని వస్తారు. ఆ రోజు గంగ ఒడ్డున, దొరికిన చోటే, ఒక దుప్పటి పరుచు. మట్టెలన్నీ దాని మీద కుమ్మరించు. ఎవరిది గుర్తుపడితే వాళ్లు తీసుకుంటారు. భయమైనవాళ్లు ఊరికే చూసి పోతారు. ఎవరూ రాకపోతే నేనొక్కదాన్నే కూర్చుంటాను. సెలవు పెట్టుకుని వస్తాను. అరిష్టం అంటే నా మీద వేసుకుంటాను, నాకు కావలసినంత అరిష్టం ఇదివరకే అయింది.

అత్తమ్మకు ఈ జాబు చదివి వినిపించు. నువ్వు వినిపించకపోతే వచ్చి నేనే చెబుతాను. నువ్వు వాటిని అమ్మావో, సంపత్, ఇక నీ గడప తొక్కను. ఇది బెదిరింపు కాదు, నన్ను నువ్వు ఎరుగుదువు.

మీ వదిన,
అనసూర్య


మంథని,
మే 10

వదినకు నమస్కారాలతో,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

శ్యాంసుందర్ కారేసుకుని వచ్చాడు. తక్కెడ కూడా వెంట తెచ్చుకున్నాడు. మోటరు కొట్టంలో కూర్చోబెట్టి చాయ్ పోసి, "అన్నా, ఇవి అమ్మను" అన్నాను. నవ్వాడు. "మరి గోడకు వెట్టుకుంటవా?" అన్నాడు. "పెట్టుకోను. ఎవరివి వాళ్లకు ఇస్త" అన్నాను. "నీకేమన్న గాలి సోకిందా? ముసలోళ్లు మట్టెల కోసం అస్తరా?" అన్నాడు. వస్తారో రారో నాకూ తెలియదు వదినా, అయినా "అస్తరు" అన్నాను. చాయ్ సగంలోనే వదిలేసి వెళ్లిపోయాడు. జట్టులో నా మీద ఇప్పుడు రకరకాల మాటలు నడుస్తున్నాయి. నడవనీ.

ఆ సాయంత్రం కొట్టకుండా మిగిలినవన్నీ ఒక్కొక్కటీ చూశాను. మూడు చుట్లవి ఉన్నాయి. పొట్టి కొస ఉన్నది ఒక్కటీ లేదు. ఇంకా ఇసుకలో ఉందేమోనని అదే చోట మూడు రోజులు తిరిగాను. రాలేదు. సుత్తితో కొట్టినవాటిలో మూడు చుట్లవి చాలా ఉన్నాయి. కొసలు కలవనివి కనబడితే నేనే లాగి కలిపాను కదా. వాటిలో నీవి ఉన్నాయేమో, ఉంటే ఎవరు చెప్పగలరు? అన్న సైకిల్ మీద తీసుకుపోయి చేయించిన గుర్తును నా చేతులతో నేనే చెరిపేశానేమో వదినా. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ఏడుపొచ్చింది.

నీ జాబులు రెండూ అవ్వకు చదివి వినిపించాను. మొత్తం. ఇసుకలో కాలు ఒళ్లో పెట్టుకున్న మాట దగ్గర కూడా ఆపలేదు. విని అవ్వ లేచి గోడ వైపు తిరిగి పడుకుంది. సరే, ఇక ఒప్పుకోదు అనుకున్నాను.

మర్నాడు పొద్దున పొలానికి పోతే మోటరు కొట్టం తలుపు తీసి ఉంది. లోపల అవ్వ నేల మీద కూర్చుని, డబ్బా బోర్లించి, మట్టెలు చుట్టూ పోసుకుని ఉంది. ఆ మోకాళ్లతో అంత దూరం ఎట్లా నడిచివచ్చిందో! చీర కొంచెం పైకి లాగి, ఒక్కొక్క మట్టె తీసి తన వేలికి పెట్టి చూసుకుంటోంది. సరిపోకపోతే పక్కన పెడుతోంది. బాపు పోయి పదిహేనేళ్లు దాటింది. అవ్వకూ మట్టెలుండేవన్న సంగతే నాకు ఎప్పుడూ తోచలేదు.

నన్ను చూసి దాచుకోలేదు. "నాయి జర మందంగుంటుండె కొడుకా. కింద నొక్కువడి ఉంటుండె. నాగలి మీద వడ్డది" అంది. ఇంకాసేపు వెతికింది. తర్వాత, "నాయి తీసిననాడు నేను గూడ కాలు గుంజుకున్న. మీ నాయినమ్మ సప్పుడు జెయ్యకుమన్నది. నేను గదే నేర్సిన" అంది. ఇంటికి బండి మీద తీసుకొస్తుంటే నా భుజం పట్టుకుని ఒకటే మాట చెప్పింది. "దాన్ని రమ్మను. అంగడి దినమే రమ్మను."

బస్సు దిగే వేళకు నేను స్టాండులో ఉంటాను.

సంపత్


ఖానాపూర్,
మే 22

చిరంజీవి సంపత్‌కు,

క్షేమంగా చేరాను. రమ కట్టిచ్చిన సద్ది పెద్దపల్లి దాటకముందే అయిపోయింది, అంత ఆకలి మీదున్నాను.

దుప్పటి పరిచాక నిన్ను కట్ట మీదికి తరిమేశాను కదా. ఆడవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చునే చోట నీకేం పని? దూరం నుంచి మెడ సాచి చూస్తూ ఉన్నావు, పాపం. అక్కడ ఏమైందో బస్సు వేళ కావడంతో నేను చెప్పలేదు. రమ సిగ్గుపడి చెప్పి ఉండదు. అందుకే రాస్తున్నాను.

మొదట ఎవరూ రాలేదు. అంగడి సంచులు నెత్తిన పెట్టుకుని, దూరంగా నిలబడి చూసి పోయారు. "గదేందో మంత్రం బెట్టినట్టున్నది" అని ఒకామె అనడం నా చెవిన పడింది. అప్పుడు అత్తమ్మ కర్ర పక్కన పెట్టి దుప్పటి అంచున కూర్చుంది. కాళ్లు రెండూ చాపింది. అందరికీ వినబడేలా "నేను కిష్టవ్వను. నా మట్టెలు ఎతుక్కుంటున్న. మీయి ఉంటె మీరు ఎతుక్కోన్రి" అంది. ఎంతమంది ఆడవాళ్ల పదోనాడు అత్తమ్మ ముందుండి చేయించిందో నీకు తెలుసు. ఆమే కూర్చుందని చూసి ఒక ముసలామె వచ్చింది. తర్వాత ఇద్దరు. తర్వాత దుప్పటి చుట్టూ చోటు లేదు.

శంకరవ్వ కూడా వచ్చింది, సంపత్. నాకు సబ్బు రాసిన శంకరవ్వే. తనది దొరికింది. అరచేతిలో పెట్టుకుని, "నాదే, నా వంకర ఏలే" అని చిన్నపిల్లలా నవ్వింది. ఒకామె తనది గుర్తుపట్టి, లేచి నడుచుకుంటూ పోయి నీళ్లున్న మడుగులో వేసి వచ్చింది. "అప్పుడు వాళ్లు ఇడిసిన్రు. ఇప్పుడు నా చేతుల తోటి నేనిడిసిన" అంది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. రమ అందరికీ నీళ్లు తెచ్చి పోసింది. పోస్తూ పోస్తూ ఒకామె పక్కన కూర్చుండిపోయి ఆమెతో పాటు వెతికింది.

అత్తమ్మవి దొరకలేదు. నావీ దొరకలేదు. నువ్వు గుండ్రంగా చేసినవాటి కుప్ప దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. మూడు చుట్లవన్నీ పట్టుకు చూశాను. ఒక్కటీ నన్ను గుర్తుపట్టలేదు. నిన్ను తిట్టుకోలేదని అబద్ధం చెప్పను, తిట్టుకున్నాను. బస్సు వేళ అవుతోందని లేస్తుంటే అత్తమ్మ నా చెంగు పట్టుకుంది. "కూసో" అంది. నా పాదం లాగి ఒళ్లో పెట్టుకుంది. ఆ కుప్పలోంచి రెండు తీసి, ఒకటి నా వేలికి ఎక్కించి, రెండు చేతుల వేళ్లతో నొక్కి నొక్కి వంచింది. ఆ చేతుల్లో బలం ఎక్కడిది! "నొస్తె చెప్పు" అంది. నొప్పి పుట్టింది, చెప్పలేదు. రెండోదీ తొడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు వంగి చూశారు. అత్తమ్మ తల ఎత్తి వాళ్లందరినీ చూసి, "నేనే తీసిన, నేనే తొడిగిన. ఎవలన్న ఏమన్న అంటరా?" అని అడిగింది.

ఆమె కోసం కూడా ఒక జత నేను తీశాను. వద్దంది. తనవి దొరికితేనే తొడుక్కుంటుందట. మొండి మనిషి. నువ్వు మాత్రం మిషన్ ఆపకు, ఆ నాగలి నొక్కు ఉన్నది దొరికేదాకా వెతుకు. మిగిలినవి అమ్మొద్దు, గోడకూ పెట్టొద్దు. ప్రతి అంగడికీ ఆ దుప్పటి పరచాల్సిందే. ఏ ఊరి నుంచి ఎవరు వచ్చినా చూపించాలి. లక్ష్మీరాజం సారుతో చెప్పు, దీనికి అద్దాల పెట్టె అక్కర్లేదు.

పెట్టెలో దాచుకుంటానని ఒకప్పుడు బతిమాలాను కదా, ఇప్పుడు దాచుకోలేదు. వేసుకునే డ్యూటీకి పోతున్నాను. మొదటి రోజు పోస్టాఫీసులో ఇద్దరు ముగ్గురు నా కాళ్ల వైపు చూసి చూడనట్టు తలలు తిప్పుకున్నారు. చూడనీ అని నేను సంతకాలు పెట్టించుకుంటూ కూర్చున్నాను. పెన్షన్ కోసం వచ్చిన యాదవ్వ అని ఒక ముసలామె మాత్రం తల తిప్పుకోలేదు. వేలిముద్ర వేశాక కూడా కదలలేదు.

"ఎవలు తొడిగిన్రు బిడ్డా?" అంది.

"మా అత్త" అన్నాను. జరిగిందంతా చెప్పాను. విని లేచి వెళ్లిపోయింది. తెల్లారి పోస్టాఫీసు తలుపు తీసేసరికి అరుగు మీద కూర్చుని ఉంది, వెంట తన ఈడువాళ్లను ఇంకొందరిని తెచ్చుకుంది. వాళ్లకు పెన్షన్ పని లేదు, ఏ పనీ లేదు. "మా దిక్కు గూడ గదే గంగ గద. మీ మరిది ఎప్పుడస్తడు?" అని అడిగారు.

వస్తాడని మాట ఇచ్చాను. వానలు పడి ఇసుక మునగకముందే మిషన్ తీసుకుని బయలుదేరు. అత్తమ్మను కూడా తీసుకురా. మోకాళ్లంటే నేను ఆటో మాట్లాడి పెడతాను. ఆమె ముందుగా కూర్చోకపోతే ఇక్కడ ఎవరూ కూర్చోరు.

మీ వదిన,
అనసూర్య